సరిపోయే పానా

“అది జారిపోతుంది డాడీ. అమెరికన్ పానాలు బ్రిటిష్ కార్‌కి ఫిట్ అవ్వవని మీరే నేర్పారు కదా!” అంటూ ఎస్తేరు సరైన పానా అందించింది.

ప్రభుదాసు దాన్ని తీసుకుని పక్కన పెట్టాడు. జారే పానానే మళ్ళీ నట్టుకు తగిలించాడు.

అమెరికాలోని ఈ పార్సిప్పనీ వచ్చాక, డెబ్బై తొమ్మిదిలో అమ్మ ముచ్చటపడి కొనుక్కున్న పాత మోరిస్ కార్ అది. ఇప్పుడు అమ్మ లేదు. బ్రేకులు బాగుచేస్తే, ఈ కార్‌ని కొన్నాయన రేపు వచ్చి తీసుకుపోతాడు.

“ఇలాగైతే రేపటికి రెడీ అవ్వదు.”

“అవ్వదు,” అన్నాడాయన తల ఎత్తకుండా. ఆ గొంతులో కోపం లేదు, బాధ కూడా లేదు.

ఎస్తేరు కాసేపు ఆయన చేతులనే చూసింది. తెలియక తీసుకున్న పానా కాదది.

లోపలికి వెళ్ళి కొన్నాయనకు ఫోన్ చేసి, కార్ అమ్మడం లేదని చెప్పింది.

తిరిగి వచ్చేసరికి ప్రభుదాసు జారే పానాను పక్కన పడేసి చేతులు తుడుచుకుంటున్నాడు.