సరస్సు మీద నలభై నిమిషాలు

“మళ్లీ ఆగిపోయింది సార్!”

మేనేజరు కుర్చీ వెనక్కి నెట్టి కిటికీ దగ్గరికి పరుగెత్తాడు. సరస్సు మీదుగా కొండ నుంచి కొండకు సాగిన జిప్‌లైన్ తీగకు సరిగ్గా నడిమధ్యన, జలపాతం తుంపర పడేచోట, ఎర్ర చొక్కా ఒకటి వేలాడుతోంది.

“ఆవిడేనా?”

“ఆవిడే సార్. వరసగా మూడో ఆదివారం,” అన్నాడు టికెట్ల గుమాస్తా. “మరీ తేలికైతే ఆగుతారు కదాని ఇవాళ బరువు తూచి మరీ పంపాం. యాభై ఎనిమిది కిలోలు. బాణంలా అవతలి గట్టుకి చేరాలి. సగం దాకా బాగానే వెళ్లింది. అక్కడ భయమేసిందో ఏమో, చేతులూ కాళ్లూ బార్లా చాపేసింది. ఎదురుగాలికి ఆగిపోయింది.”

రేపే తనిఖీ అధికారి వస్తున్నాడు. నెలలో మూడుసార్లు మనిషి మధ్యలో ఆగితే తీగలో లోపమున్నట్టే లెక్క. లైనుకు తాళం పడుతుంది. తను ఉద్యోగం మీద ఆశ వదులుకోవాల్సిందే.

“సాలీడేడీ?”

సాలీడు అప్పటికే నడుముకు పట్టీలు బిగించుకుని గుమ్మంలో ఉన్నాడు. మధ్యలో ఆగినవాళ్లను తీగ పట్టుకుని పాకుతూ వెళ్లి తెచ్చేది అతనే. అసలు పేరు అందరూ మరిచిపోయారు.

“సార్, నేనడిగిన సెలవు...”

“అక్కడ మనిషి వేలాడుతుంటే ఇప్పుడా నీ సెలవు గోల! ముందు వెళ్లవయ్యా.”

సాలీడు తీగ వైపు పరుగెత్తాడు.

అయిదు నిమిషాల్లో ఆమెను చేరుకున్నాడు. కొక్కెం తగిలించి లాక్కుపోతే ఇంకో పది. అరగంట గడిచినా ఇద్దరూ అక్కడే ఉన్నారు. మేనేజరు బైనాక్యులర్లు దించలేదు.

“ఇక్కడ నోట్లోంచి మాట ఊడిపడదు వీడికి. అక్కడ చూడు, దవడ ఆడుతూనే ఉంది.”

“ధైర్యం చెబుతున్నట్టున్నాడు సార్.”

“చెప్పనీ. ఆవిడ ఏడుస్తూ ఒడ్డెక్కిందంటే మన కొంప మునుగుతుంది.”

“ఏడవట్లేదు సార్. నవ్వుతోంది.”

నలభై నిమిషాలకు ఇద్దరూ అవతలి గట్టెక్కారు. మేనేజరు రిజిస్టరు చంకన పెట్టుకుని పడవలో వెళ్లేసరికి, ఆమె తలకట్టు విప్పి జుట్టు పిండుకుంటోంది. భుజాన చిన్న సంచి. పక్కన సాలీడు మూతి తుడుచుకుంటున్నాడు.

“అమ్మా, మీ డబ్బు తిరిగిచ్చేస్తాం. జలపాతం దాకా పడవలో తిప్పుతాం.”

“వద్దండీ.”

“పోనీ, ఒక్క ఉపకారం. లైనులో లోపం లేదు, నేనే చేతులు చాపి ఆగిపోయానని ఇందులో రాసి సంతకం పెట్టండి.”

“అది నిజమేగా. రాస్తాను.” కలం అందుకుని ఆగింది. “కానీ నాదీ ఓ మాట ఉంది.”

“చెప్పండి తల్లీ, ఏదైనా సరే!”

“మాట తప్పరుగా?”

“ఈ రిజిస్టరు మీద ఒట్టు!”

ఆమె తీరిగ్గా రాసి, సంతకం పెట్టి, రిజిస్టరు మూసి ఇచ్చింది. సాలీడు చేతిలో ఉన్న చెంచా తీసుకుని సంచిలో వేసుకుంది.

“వచ్చే ఆదివారం మా ఆయనకి సెలవివ్వండి.”