ఏ ఫోల్డర్‌లో?

“ఏమే సాదియా, మిరపకొమ్మ డిజైన్ ఏదే? నా ఫోల్డర్‌లో కనపడట్లా!” ఎంబ్రాయిడరీ షాపులో కంప్యూటర్ ముందు కూర్చుని అరిచాడు షాకిర్.

జాకెట్టు గుడ్డ అతని ముందు బల్ల మీద పెట్టి ఎదురుచూస్తోంది కన్యక. “నరసరావుపేటలో ఎవరి జాకెట్టు చూసినా మీ అన్న డిజైనే” అంది సాదియాతో.

“గీసేది నేనక్కా” అంది సాదియా, మిషన్‌కి దారం ఎక్కిస్తూ. “సాఫ్ట్‌వేర్ వేయించినప్పుడు భాయ్ తన పేరున ఫోల్డర్ పెట్టాడు. నేనేం గీసినా అడగకుండా అందులోకే పోయేది. ఈ మిరపకొమ్మని నా పేరున పెట్టుకున్నా.”

“ఏ ఫోల్డర్‌లో ఉంటే ఏందే?” కసిరాడు షాకిర్.

“అయితే నా పేరున ఉంటే నీకేంది నొప్పి?”

షాకిర్ మొహం ఎర్రబడింది. “సెట్టింగ్ ముందున్నట్టు మార్చెయ్.”

“మార్చను. సేవ్ చేసినప్పుడల్లా ఎక్కడ పెట్టాలో నన్ను అడగమని పెట్టా.”

“ఊరికే అడుగుతా ఉంటే పనెప్పుడు తెములుద్ది?”

“అడగనీ భాయ్. ఈ షాపులో నన్ను అడిగేది అదొక్కటే.”



కన్యక షాకిర్ ముందున్న గుడ్డ తీసి సాదియా చేతిలో పెట్టింది.

“మిరపకొమ్మకి ఏ రంగు దారమైతే బాగుంటది, సాదియా?”