నల్ల బురద ముద్ద

తొట్టిలో చెయ్యి పెట్టిన ఆవిడను చూడగానే సింధూరికి ఒళ్ళు మండింది.

"ఏవండీ, ముందు చెయ్యి తియ్యండి. అది చేతులు కడుక్కునే తొట్టి కాదు."

ఆవిడ చెయ్యి తీసింది. తడి వేలు నాలుక మీద పెట్టుకుని చప్పరించింది.

"ఉప్పు సరిపోయిందమ్మా," అంది.

పక్కనే క్లాస్‌మేట్ సాత్విక్ ఉప్పు కొలిచే గాజు గొట్టం పట్టుకుని పది నిమిషాలుగా అదే చూస్తున్నాడు.

"నిజమే, సరిపోయింది. ఈ గొట్టం దాచెయ్యి సింధూరీ, ఈవిడ నాలుకుంటే చాలు," అన్నాడు.

సింధూరికి నవ్వు రాలేదు.

అది బెంజ్ సర్కిల్ దగ్గర ఒక డిగ్రీ కాలేజీ. జువాలజీ ల్యాబులో ఆ గాజు తొట్టి పెట్టి మూడు నెలలైంది. ఉప్పునీళ్ళు, తెల్ల ఇసుక, రాళ్ళకు దారంతో కట్టిన ఎర్ర నాచు, పచ్చ నాచు. అవన్నీ బాగానే ఉన్నాయి. సముద్రపు గడ్డి ఒక్కటే నిలవడం లేదు.

కోడూరు అవతల తీరంలోని నర్సరీ నుంచి రెండుసార్లు తెప్పించి నాటారు. రెండుసార్లూ వారం తిరక్కుండానే ఆకులు జావలా కరిగిపోయాయి. మూడోసారి నాటి నాలుగు రోజులైంది. కొసలు అప్పుడే రంగు మారుతున్నాయి.

"ఇదీ పోతే తొట్టిలో గోల్డ్‌ఫిష్ వేసి ఆఫీసు గదిలో పెట్టించేస్తాను," అని లెక్చరర్ హర్షవర్ధన్ గారు చెప్పేశారు.

ఆ తొట్టి కావాలని ఆయన్ని బతిమాలింది సింధూరే. ఉయ్యూరు పక్క పల్లె నుంచి వచ్చిన ఆ పిల్ల, రెండేళ్ళలో క్లాసులో లేచి నిలబడి అడిగింది అదొక్కటే.

అందుకే నర్సరీ కోటిలింగం గారికి ముందుగానే ఫోన్ చేసింది. "ఇంకొక్కసారి ఇప్పించండి సార్," అంది. "అడిగి చెప్తానమ్మా," అన్నాడాయన. కుదరదని చెప్పలేక అలా అన్నాడనుకుంది.

ఇప్పుడు ఈవిడొకరు. నున్నటి గుండు, దాని మీద తడి కొంగు, చేతిలో బరువైన ప్లాస్టిక్ సంచి.

"మిమ్మల్ని ఎవరు రానిచ్చారండీ?"

"వాచ్‌మేనమ్మా. గుణదల తిరునాళ్ళకొచ్చాం. ఇక్కడ గడ్డి పెంచుతున్నారంటగా, చూసిపోదామని."

"చూశారుగా."

ఆవిడ కదల్లేదు. గాజుకు ముక్కు ఆనించి ఇసుకలోకి చూసింది.

"గడ్డి వేళ్ళు కడిగారా?"

"కడక్కుండా ఎలా నాటుతాం? మాది వ్యవసాయమేనండీ. నారు తీస్తే, వేళ్ళకున్న మట్టి నీళ్ళలో జాడించాకే కట్ట కడతాం. దీన్నీ ట్యాపు కింద అరగంట కడిగాను."

"మంచినీళ్ళతోనా?" అంది ఆవిడ, తనకే ఎక్కడో దెబ్బ తగిలినట్టు. "బురద ఉండాలమ్మా. తెల్ల ఇసుకలో అదేం తింటది?"

"బురద వేస్తే నీళ్ళు పాడవుతాయి."

"రెండ్రోజులేగా. తర్వాత తేరుకుంటయ్."

"ఆ రెండ్రోజుల్లో మా సారు తొట్టి ఎత్తించేస్తారండీ," అన్నాడు సాత్విక్.

బయట వ్యాను హారన్ మోగింది. "వస్తన్నా," అని కేకేసి ఆవిడ సంచిని కిటికీ గట్టు మీద పెట్టింది.

"ఇది ఇట్నే తొట్లో పెట్టండమ్మా. కడగమాకండి. నేను..."

"సరే, పెడతాం లెండి. మీ వ్యాను వెళ్ళిపోద్ది," అంటూ సింధూరి వెళ్ళి తలుపు తెరిచి పట్టుకుంది.

ఆవిడ ఒకసారి తొట్టి వైపు చూసి వెళ్ళిపోయింది.

సంచి విప్పితే నల్లటి బురద ముద్ద. కుళ్ళిన గుడ్డు వాసన. పైన కలుపులా రెండు మూడు పోచలు.

"తిరునాళ్ళ నుంచి ఎవరైనా జీళ్ళు తెస్తారు," అన్నాడు సాత్విక్ ముక్కు మూసుకుని.

కిటికీ అవతల మందారం మొక్క ఉంది. సింధూరి ముద్దను దాని పాదులో బోర్లించింది. చెరువు మట్టి దొరికితే ఇంట్లో వాళ్ళమ్మ చేసే పని అదే.

వారం తిరిగేసరికి మందారం ఆకులన్నీ రాలిపోయాయి.

"చూశావా, నీ బురద బలం," అన్నాడు సాత్విక్.

"నువ్వు కాసేపు నోరు మూసుకుంటావా?" అంది సింధూరి. తొట్టిలో గడ్డి కూడా ఆ పొద్దున్నే పూర్తిగా కరిగిపోయింది.

సిగ్గు చంపుకుని మళ్ళీ నర్సరీకి ఫోన్ చేసింది.

"సార్, సింధూరిని. ఈసారీ పోయిందండీ. మీరు అడిగి చెప్తానన్నారు..."

"అడిగాగా. మొన్న తెచ్చిచ్చింది నాటలేదా అమ్మా?"

"ఎవరూ తేలేదండీ. ఎవరో ఒకావిడ వచ్చి బురద ముద్ద..."

మాట సగంలో ఆగిపోయింది.

"ఆ ముద్దేనమ్మా. గడ్డి అందులోనే ఉంటది, వేళ్ళతో సహా. కడిగితే ఇంకేముంటది? కడిగే వాళ్ళుంటారని మేం అనుకోలా."

సింధూరి కిటికీలోంచి చూసింది. ముద్ద ఎండి, మీద తెల్లగా ఉప్పు పేరి, పెచ్చులుగా పగిలింది. పగుళ్ళలో పోచలు దారాల్లా ఉన్నాయి.

"ఇంకొక్క ముద్ద ఇప్పించండి సార్. ఈసారి కడగను."

"ఎక్కణ్ణుంచమ్మా? తుఫానుకి మడులన్నీ ఇసుకలో కూరుకుపోతే ఒక్క మూల మిగిలింది. మీకిచ్చిందంతా అందులోదే. ఇక ఉన్నది విత్తనానికే. మాటిమాటికీ ఎందుకు చస్తందో నేనే చూసొస్తానని, తిరునాళ్ళకి పోతా ఆ ఆఖరి ముద్ద శౌరమ్మ గారే మోసుకొచ్చింది."



"ఆవిడ మీ దగ్గర పనిచేస్తారా సార్?" అంది సింధూరి.



"సార్ అంటంటే బాగుందని ఇన్నాళ్ళూ ఊరుకున్నానమ్మా. ఆ మడులన్నీ పదిహేనేళ్ళ నుంచి ఆవిడ నాటినయ్యే, నేను ఆవిడ దగ్గర ఫోన్లెత్తే పనివాణ్ణి."