గోడ అవతలి పద్యం

కుట్టుమిషను బల్ల కిందికి దూరింది కాబట్టి ఆ దర్జీ బతికింది.

మేడ మొత్తం కూలిపోయింది. చిమ్మచీకటి. కాళ్లు కదలవు. నోటినిండా సున్నం.

"ఎవరైనా ఉన్నారా?" అని అరిచింది.

కూలకుండా మిగిలిన గోడ అవతలి నుంచి మగగొంతు వినిపించింది.

"పోవువాడు పోవు, పోవ జూచినవాడు
పోవు నేడ్చువాడు పోవు వెనుక!"

ఎప్పుడో బడిలో బట్టీపట్టిన పాత పద్యం. చావు పద్యం. ఆమెకు ఒళ్లు మండింది.

"ఇప్పుడా అపశకునం ఎందుకండీ? ఎవరు మీరు? దెబ్బలు తగిలాయా?"

ఏదో గొణుగుడు. మళ్లీ అదే పద్యం, అదే రాగం.

"అడిగినదానికి చెప్పరేం? నేనిక్కడ చస్తుంటే మీకు పద్యాలా? నోరు మూసుకోండి!"

గొంతు ఆగిపోయింది.

ఆ నిశ్శబ్దం ఇంకా భయపెట్టింది. బల్ల ఛాతీ మీదికి ఒరుగుతోంది. కళ్లు మూతలు పడుతున్నాయి. ఇక చాలు, నిద్రపోదామనిపించింది.

గోడ మీద దబదబా బాదిన చప్పుడు. అతను పద్యం ఎత్తుకుని, "పోవు నేడ్చువాడు..." దగ్గర ఆపేశాడు.

ఆమె పెదవులు వాటంతటవే కదిలాయి.

"పోవు వెనుక."

మళ్లీ ఎత్తుకున్నాడు. మళ్లీ అక్కడే ఆపాడు. మళ్లీ ఆమే అందుకుంది.

కాసేపటికి అతనితోపాటు పద్యమంతా పాడసాగింది; యతి దగ్గర ఊపిరి పీల్చింది, పాదం చివర వదిలింది. 'పోవు, పోవు' అంటూ తిరిగి తిరిగి వచ్చే ఆ మాటే ఆమెను నిద్ర పోనివ్వలేదు.

రానురాను అతని గొంతు సన్నబడింది. ఆమె గొంతు పెరిగింది. చివరికి ఆమె ఒక్కతే పద్యం అరుస్తుంటే పైన శిథిలాలు తీస్తున్నవాళ్లకు వినబడింది.

ముందు ఆమెను బయటికి తీశారు. గోడ పగలగొట్టేసరికి అతని ప్రాణం పోయింది.

ఆసుపత్రిలో ఆమె మంచం దగ్గరికి ఒక పెద్దావిడ వచ్చింది. అతని అక్కట.

"చివరిదాకా మా తమ్ముడి గొంతు విన్నది నువ్వేనటగా. ఏమైనా చెప్పాడా తల్లీ?"

దర్జీ తలదించుకుంది.

"ఎన్ని అడిగినా ఒక్క మాటకూ బదులివ్వలేదమ్మా. ఆ పద్యమే పట్టుకున్నాడు."

అక్క కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

"వాడికున్న మాటలన్నీ నీకే ఇచ్చేశాడమ్మా. పుట్టునత్తి వాడికి, రాగం తీసి పాడే పద్యం తప్ప ఇంకే మాటా పెదవి దాటేది కాదు."