ఎర్రదారం కుట్టు

“నా మొగుడి చొక్కా నీ వంటి మీదకెట్టా వచ్చిందే?”

ఇసక తట్ట నెత్తిన పెట్టుకుని మెట్లవైపు నడుస్తున్న సంపూర్ణమ్మ ఆ కేకకు ఉలిక్కిపడి ఆగిపోయింది. ఎదురుగా దానమ్మ, నడుం మీద చేతులేసుకుని, దారికి అడ్డంగా నిలబడి ఉంది.

పటమటలో లేస్తున్న ఆ అపార్టుమెంటు పనిలో ఆడకూలీలందరూ చీర మీద మొగుళ్ళ చొక్కాలు తొడుక్కునే బరువులు మోస్తారు. సిమెంటు ఒంటికి తగలదు, కొంగు జారదు. అన్నీ ఒకే రకం నీలం గళ్ళ చొక్కాలు. మొదటి స్లాబు పడిన రోజున ఓనరు గారు ఒకే తానులోంచి కుట్టించి మగాళ్ళకు పెట్టారు. అయినా తన చేతి కుట్టు దానమ్మకు తెలియదా? తట్ట పట్టుకోవడానికి సంపూర్ణమ్మ చెయ్యెత్తేసరికి మోచేతి దగ్గర ఎర్రదారం కనబడింది. జయపాల్ చొక్కా మేకుకు పట్టి చిరిగితే, నీలం దారం దొరక్క ఎర్రదారంతో కుట్టింది దానమ్మే.

“వదినా, ముందు నువ్వు...” అంటూ సంపూర్ణమ్మ ఏదో చెప్పబోయింది.

“వదినా గిదినా అన్నావంటే ఊరుకోను! వరసలు కలిపే నా కొంప ముంచావు!”

దానమ్మకు ఈ మంట ఇవాళ్టిది కాదు. పారతో తట్టలు నింపి ఆడవాళ్ళ నెత్తికెత్తేది జయపాలే. సంపూర్ణమ్మకు ఎత్తేటప్పుడు “జాగ్రత్తమ్మా” అంటాడు. పెళ్ళానికి ఎత్తేటప్పుడు మాత్రం నోరు పెగలదు. నిన్న స్లాబుకు రోజంతా కాంక్రీటు మోసి దానమ్మ మెడ పట్టేసింది. అటు తిరగదు, ఇటు తిరగదు, కిందికి వంగదు. ఎట్టా ఉందే అని ఒక్క మాట అడిగాడా ఆ మహానుభావుడు? పైగా పొద్దున చీకట్లో తను చొక్కా తొడుక్కుంటుంటే గుప్పున బీడీ వాసన. చర్చిలో అందరి ముందూ మానేస్తానన్న మనిషి మళ్ళీ మొదలెట్టాడంటే ఏదో ఉన్నట్టే. పనిలోకి వచ్చిన దగ్గర్నుంచీ వెనక ఒకటే కిసుకిసలు. ఎవరా అని చూద్దామంటే మెడ రాదాయె. ఇప్పుడర్థమైంది. అందరికీ తెలిసిన బాగోతం తనొక్కదానికే తెలియదన్నమాట.

“ఇదిగో, ఇటు రా! నీ చొక్కా ఏం చేశావు?” అని మొగుణ్ణి కేకేసింది.

జయపాల్ పార పట్టుకునే వచ్చి బుర్ర గోక్కున్నాడు. “నిన్న పనయ్యాక నువ్వు విప్పిచ్చిన చొక్కా స్నానం చేసేప్పుడు అందరితో పాటే పరంజా కర్రకి తగిలించా. మళ్ళీ తొడుక్కునే ఇంటికొచ్చా గదా!”

“ఇంటికొచ్చిన చొక్కా రాత్రికి రాత్రి దీని ఇంటికి నడిచెళ్ళిందా?”

వెనక ఎవరో కిసుక్కుమన్నారు. దానమ్మకు ఒళ్ళంతా కారం రాసినట్టయింది. పట్టేసిన మెడ ఎత్తలేక, పైన ఇనుప ఊచలు వంచుతున్న సంపూర్ణమ్మ మొగుడికి వినబడేలా గొంతే పెంచింది.

“తిరుపతిరావన్నయ్యా! కిందికి దిగొచ్చి నీ పెళ్ళాం ఎవరి చొక్కా తొడుక్కుందో చూసుకో!”

“వదినా, ఒక్క మాట చెప్పనీ...”

“నీ మాటలు నాకెందుకు? మేస్త్రీ గారే తేలుస్తారు.”

ఆ గొడవకు మేస్త్రీ వెంకటప్పయ్య పరిగెత్తుకొచ్చాడు. దానమ్మ అతనికి ఎదురెళ్ళి నిలదీసింది. “చెప్పండి మేస్త్రీ గారూ! పరాయి మగాడి చొక్కా తొడుక్కున్న ఆడది ఈ పనిలో ఉండాలా, పోవాలా?”

మేస్త్రీకి పని ఆగిపోయిందన్నదే బాధ. “పోవాలమ్మా, పోవాలి. ఇట్టాంటియ్యి నా దగ్గర కుదరవు. ఇప్పుడే ఇంటికి పోవాలి, రేపట్నుంచి రానక్కర్లేదు. సరేనా?”

“అందరూ విన్నారుగా?” అంది దానమ్మ.

“విన్నాం, విన్నాం!” అన్నారు ఆడవాళ్ళు. ఎందుకో ఒక్కళ్ళకీ నవ్వాగడం లేదు.

సంపూర్ణమ్మ తట్ట కిందికి దించింది. చేతులు దులుపుకుని, నెమ్మదిగా దానమ్మ వెనక్కి వెళ్ళి నిలబడింది.

“నీకు మెడ తిరగదుగా వదినా, నేను చదువుతాన్లే. అన్నీ ఒకే రకం చొక్కాలాయె, మారిపోతాయని నేనే కుట్టా,” అంటూ దానమ్మ వీపు మీదున్న పసుపుదారం అక్షరాలను ఒక్కొక్కటే వేలితో తడిమింది. “తి... రు... ప... తి... రా... వు. ఇంక పద, ఇద్దరం కలిసే ఇంటికి పోదాం.”