రత్నం సంచి

రత్నం మీద మార్తమ్మకి అనుమానం పుట్టి అప్పటికి మూడు ఆదివారాలైంది.

చిలకలపూడిలోని ఆ చిన్న మందిరంలో ఆడవాళ్ళకి ఒక అలవాటు. వంటకి బియ్యం కొలిచినప్పుడల్లా దేవుడి పేర ఓ గుప్పెడు పక్కన పెడతారు. ఆదివారం తెచ్చి మందిరం డ్రమ్ములో పోస్తారు. మొన్న క్రిస్మస్ దాకా ఆ బియ్యం పాస్టరుగారికే ఇచ్చేవారు.

"లేనివాళ్ళకి పెట్టడం మన బాధ్యత కాదాండీ? కానుకలన్నీ మందిరం పైకప్పు స్లాబుకే పోతున్నాయి. ఈ బియ్యమైనా బీదలకి పంచుదాం" అని సంఘం ముందు లేచి అడిగింది మార్తమ్మే. అందరికంటే ముందు "ఆమేన్" అన్నది పాస్టరు విల్సన్‌గారే.

అప్పట్నుంచీ జాబితా మార్తమ్మది, డ్రమ్ము తాళం మార్తమ్మది.

ఆ జాబితాలో రత్నం ఉంది. రోల్డ్‌గోల్డ్ గొలుసులకి టంకం పెట్టి పెట్టి కళ్ళు పాడైన ఒంటరి మనిషి. రేషన్ బియ్యం ఎలాగూ వస్తాయి. మరి వారం వారం ఈ నాలుగు కిలోలూ ఏం చేసుకుంటోంది? పైగా సంచి అందుకుని తిన్నగా ఇంటికి పోదు. అందరూ వెళ్ళేదాకా చెప్పులు వెతుక్కుంటున్నట్టు మెట్ల దగ్గరే తచ్చాడుతుంది. సందు మొదట్లోనే సత్తిబాబు టిఫిన్ బండి. ఇంకేముంది, అమ్మేస్తోంది!

"ఈ ఆదివారంతో దాని పేరు కొట్టేస్తానండీ" అంది పాస్టరుగారితో.

"తొందరపడకండమ్మా. ప్రార్థన చేద్దాం" అన్నారాయన నీరసంగా నవ్వి.

ఆయనకి ఈమధ్య ప్రార్థన మరీ ఎక్కువైంది. శుక్రవారం ఉపవాసం చాలక సోమవారం, బుధవారం కూడా. అదీ ఇంటిల్లిపాదీ. ఆ భక్తిలో పిసరంతైనా రత్నానికి ఉంటే ఎంత బాగుండును అనుకుంది మార్తమ్మ.

ఆదివారం ఆరాధన అయింది. జనం వెళ్ళిపోయారు. మార్తమ్మ గొడుగు మడిచి గేటు గోడ చాటున నక్కింది.

రత్నం సంచి చంకన పెట్టుకుని అటూ ఇటూ చూసింది. టిఫిన్ బండి వైపు వెళ్ళలేదు. మందిరం వెనక్కి నడిచి, పాస్టరుగారి వంటింటి తలుపు తట్టింది.

మార్తమ్మ చప్పుడు కాకుండా వెనకే వెళ్ళి మందిరం గోడ మూలనుంచి తొంగి చూసింది. పాస్టరమ్మకి కూడా ఇందులో వాటా ఉందన్నమాట! జాబితాలో పేరు చెరిగిపోకుండా లంచం!

తలుపు ఓరగా తెరుచుకుంది.

"వద్దన్నానా రత్నం? ఎవరైనా చూస్తే?" పాస్టరుగారి భార్య షీబా గొంతు.

"చూడరమ్మగారూ. ఆ మార్తమ్మగారు కూడా వెళ్ళిపోయినట్టున్నారు. పట్టండి."

మార్తమ్మకి ఒళ్ళు మండిపోయింది. ఇద్దర్నీ సంఘం ముందు నిలబెట్టి కడిగెయ్యాల్సిందే. గొడుగు బిగించి పట్టుకుని గబగబా గుమ్మం దాకా వెళ్ళి, నోరు తెరిచింది కూడా.

అంతలో లోపల్నుంచి పాస్టరుగారి ఆరేళ్ళ పాప పరిగెత్తుకొచ్చి, సంచి తడిమి చూసి అడిగింది: "అమ్మా, అయితే ఇవాళ మనకి ఉపవాసం లేదుగా?"