మూడో గడి

"గాంధీ కింద మా అణ్ణన్ పేరు రాస్తే మీ సొమ్మేం పోతుంది ఐయా?" అన్నాడు పార్టీ కార్యకర్త బాలమురుగన్.

సుందరానికి ఒళ్ళు మండిపోయింది. సుద్దముక్క పట్టుకున్న చెయ్యి బోర్డు మీదే ఆగిపోయింది.

సౌకార్‌పేటలో ఆయనది ఎవర్‌సిల్వర్ స్టీలు పాత్రల అంగడి. పొద్దున షట్టరు ఎత్తగానే ఆయన ముందు చూసుకునేది బోణీ కాదు, గుమ్మం పక్కన వేలాడే నల్లబోర్డు. దాని మీద మూడు గడులు: జననాలు, మరణాలు, సంఘటనలు. ఆ తేదీన ఎవరు పుట్టారు, ఎవరు పోయారు, ఏం జరిగింది. బజారుకు వచ్చేవాళ్ళు కాసేపు నిలబడి చదువుకుని పోతారు. లోకానికి తెలిసినవాళ్ళే ఆ బోర్డు ఎక్కాలన్నది ఆయన నియమం. కన్నతండ్రినే ఎక్కించలేదాయన!

ఇవాళ అక్టోబరు రెండు. మొదటి గడిలో గాంధీ, రెండో గడిలో కామరాజ్ ఎక్కేశారు. మూడోది ఇంకా ఖాళీ.

"మీ లీడరు ఆనందన్ ఏం చేసినాడని రాయాల?" అన్నాడు సుందరం.

"గాంధీ పుట్టిన నాడే పుట్టినాడు. అది చాలదా?" బాలమురుగన్ నవ్వుతూనే కాలితో ఒక గుండిగను కదిపాడు. "సరి, మీ పాత్రలు సగం రోడ్డు పక్క ప్లాట్‌ఫారం మీదనే ఉండాయి. ఎవరన్నా కంప్లయింట్ ఇస్తే అణ్ణన్ సాయం కావల్ల కదా?"

సుందరం పళ్ళు కొరుకుతూ గాంధీ కింద 'ఆనందన్, ప్రజానాయకుడు' అని రాశాడు. సుద్దముక్క రెండు ముక్కలైంది. థూ, ఇదీ ఒక బతుకేనా అని తనను తానే తిట్టుకున్నాడు.

వీధి మూలలో ఆ ఆనందన్ పుట్టినరోజు బ్యానరే లేస్తోంది. రెండంతస్తుల ఎత్తు. కుర్రాళ్ళు సరుగుడు కర్రలు పాతుతున్నారు. ఎదురింటి కమలాంబ విసవిసా మెట్లు దిగి వచ్చి, ఒక కర్రను రెండు చేతులా పట్టుకుని ఊపింది.

"ఏందిరా ఇది? జానెడు లోతు కూడా లే! గుంత తవ్వండ్రా! తాళ్ళు యాడ?"

"ఆంటీ, మీరేమన్నా ఇంజినీరా?" కుర్రాళ్ళు పకపకా నవ్వారు.

"పళ్ళు రాలగొడతా! ముందు లోతుగా పాతండి."

సుందరం ముక్కున వేలేసుకున్నాడు. నాలుగు నెలల కింద ఈ వీధిలో అద్దెకు దిగిన మనిషి. చెట్టంత కొడుకు పోయి ఏడాది. అవసరానికి తప్ప ఎవరితోనూ మాట కలపదు. ఆనందన్ బ్యానరు మీద ఈమెకింత శ్రద్ధ ఏమిటి? ఈమె కూడా ఆ గుంపులో చేరిందా?

అనుకుంటుండగానే ఆమె రోడ్డు దాటి బోర్డు ముందుకు వచ్చింది. కొత్తగా ఎక్కిన పేరు చదివింది. ముఖం ఎర్రబడింది.

"అన్నా! వారం నుంచి అడుగుతా ఉండా, నా కొడుకు విఘ్నేష్ పేరు రాయమని. లోకానికి తెలిసినోళ్ళకే అన్నావు. ఈయన్ని ఏ లోకం ఎరుగునంట?"

విఘ్నేష్ పేరు వినగానే బాలమురుగన్ ఫోను తీసి, చెవి దగ్గర పెట్టుకుని పక్కకు జరిగాడు.

సుందరానికి సిగ్గేసింది. ఆ సిగ్గు కోపమై ఆమె మీదికే పోయింది.

"గమ్మునుండమ్మా! పోయిన వారమే తిథి అయిపోయె, సంవత్సరీకం పెట్టేస్తివి. ఇంకా ఈ ఇంగ్లీషు తేదీని పట్టుకుని ఏలాడతావేంది?"

"నాకు ఈ తేదీనే కావల్ల."

"బండి మీద నుంచి పడినాడంట కదా. ఈ కాలం పిలకాయలు హెల్మెట్ పెట్టుకోరు, మెల్లగా పోరు..."

"పెట్టుకున్నాడు!" ఆమె అరిచిన అరుపుకు పాత్రలు బేరమాడుతున్నవాళ్ళు తిరిగి చూశారు. "పట్టీ కూడా బిగించుకున్నాడు. మెల్లగానే పోతా ఉన్నాడు."

సుందరం గొంతు తగ్గింది. "సరి సరి. ఒకే తేదీన ఒకరు పుడతారు, ఒకరు పోతారు. మన చేతిలో ఏముంది? నీ కొడుకు పోయిన నాడే ఆయన పుట్టినాడని ఆయన మీద కోపమేంది? దానికీ దీనికీ ఏం సంబంధం?"

ఆమె చెయ్యి చాపింది.

"సుద్దముక్క ఇయ్యి."

ఇంతవరకూ ఆ బోర్డు మీద ఇంకొకరి చెయ్యి పడనివ్వలేదు సుందరం. ఇవ్వనని చెప్పబోయాడు. గాంధీ కింద తను రాసిన పేరు కంటబడింది. ఇక ఏ నియమం మిగిలిందని? విరిగిన ముక్కల్లో ఒకటి ఆమె చేతిలో పెట్టాడు.

కమలాంబ రెండో గడిలో, కామరాజ్ కింద, 'విఘ్నేష్, ఇరవై మూడేళ్ళు' అని రాసింది. కొడుకు పేరును వేలితో ఒకసారి తడిమింది. సరే, తల్లి కడుపుమంట ఇప్పటికైనా చల్లారిందిలే అనుకుని సుందరం సుద్దముక్క కోసం చెయ్యి చాపాడు.

ఆమె ఇవ్వలేదు. మూడో గడి ముందుకు జరిగింది.

"అది సంఘటనలకమ్మా," అన్నాడాయన.

"తెలుసు."

అక్షరాలు పెద్దవి చేసి, బోర్డు కిర్రుమనేలా ఒత్తి రాసింది. సుద్దముక్కను బాలమురుగన్ కాళ్ళ దగ్గర విసిరికొట్టి వెనక్కి చూడకుండా వెళ్ళిపోయింది. సుందరం కళ్ళద్దాలు సర్దుకుని మూడో గడి చదివాడు.

'ఆ పుట్టినోడి బ్యానరే కూలి, ఈ పోయినోడి మీద పడింది.'